తాళం వేసిన ఫ్లాట్లో కేకలు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. ఆపుకోలేకపోతే టీ కప్పు మొహానికి అడ్డం పెట్టుకోండి, అంతే.

మా ఫ్యాన్ల ఫ్యాక్టరీని వేరే చోటికి మారుస్తూ అందరికీ నెల్లాళ్ళు సెలవిచ్చారని తెలుసు కదా. అక్కడ నా ఉద్యోగం, తయారైన ప్రతి ఫ్యాన్ కిందా నిలబడి, అది చప్పుడు చేస్తోందో లేదో విని చెప్పడం. "ఫ్యాన్ మూలిగితే పక్క వీధిలోంచి వినపడుతుంది. నేను అరిస్తే పక్క గదిలోకి వినపడదు. అవేం చెవులండీ!" అంటుంది మా ఆవిడ.

సెలవు మొదలైన రోజే ప్రకటించాను. "ఈ నెలంతా క్రైం సినిమాలు చూడబోతున్నాను. గొప్ప గొప్పవన్నీ. క్యాంటీన్లో ఎవడో ఒకడు 'ఆ సినిమా చూళ్ళేదా, ఇంకా ఎలా బతికున్నావ్' అని అడగడం, నేను తలొంచుకుని తినడం, ఇంక నావల్ల కాదు."

"నేనూ చూస్తాను" అంది మా ఆవిడ. "పెళ్ళికి ముందు నుంచీ అనుకుంటున్నా. అప్పుడు నాన్న చూడనివ్వలేదు. తర్వాత మీరు."

"నేనెప్పుడు వద్దన్నానే?"

"వద్దనలేదు. పక్కన కూర్చున్నారు."

మా ఆవిడ పొద్దున పూట పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. రోజుకి రెండుసార్లు తోముకుంటామని చెప్పే పుచ్చుపళ్ళవాళ్ళని చూసీ చూసీ, ఎవరేం చెప్పినా సగం తీసేసి వింటుంది. ఇంటికొచ్చాక ఆ అలవాటు నా మీద వాడుతుంది.

మా బావమరిది కూడా మాతోనే ఉన్నాడు. పోలీసు డిపార్టుమెంటులో ఎస్సై. ఎస్సై అంటే హంతకుల్ని పట్టుకుంటాడనుకునేరు, ట్రాఫిక్. హెల్మెట్టు లేనివాణ్ణి ఆపబోతే వాడు బండి కాలి మీంచి పోనిచ్చాడు. కాలికి కట్టు కట్టించుకుని అక్క ఇంట్లో విశ్రాంతి.

సినిమా సగంలో ఆపాలనీ, హంతకుడెవరో నేనూ మా ఆవిడా చెరొక పేరు చెప్పాలనీ, తప్పు చెప్పినవాళ్ళు ఆ పూట గిన్నెలన్నీ తోమాలనీ రూలు పెట్టింది వాడే. ఇద్దరిదీ తప్పయితే ఎవరిది మరీ ఘోరమైన తప్పో వాడు తీర్పు చెబుతాడు. వాడికి మాత్రం గిన్నెలు లేవు, కాలికి కట్టు కదా.

"గిన్నెలు కాలితో తోముతావుట్రా?" అన్నాను.

"నిలబడాలి కదా బావా."

మొదటి సాయంత్రం నేను చెప్పినవాడు, సినిమా మొదలవగానే చచ్చిపోయినవాడు. చచ్చినట్టు నటించాడేమోనని నా అనుమానం. రెండో సాయంత్రం నా అనుమానం నేరం పరిశోధిస్తున్న అధికారి మీద. మూడో సాయంత్రం చాలా ధీమాగా ఒక పేరు చెప్పాను. ఆ పేరు గలవాడు ఆ సినిమాకి ఛాయాగ్రాహకుడట. మొదట్లో పేర్లు పడుతుంటే చూసి గుర్తుపెట్టుకున్నాను.

"బావా, కథలో ఉన్నవాళ్ళనే అనుమానించాలి" అన్నాడు బావమరిది, చాలా ఓపిగ్గా.

మా ఆవిడ మాత్రం మూడుసార్లూ సరిగ్గా చెప్పింది. నేను సింకు దగ్గర నిలబడి తోముతూంటే వెనక నుంచి "మూకుడు అడుగున కూడా" అని గుర్తుచేసింది.

గిన్నెల సంగతి అలా ఉంచండి. పోతున్నది ఇంట్లో నా పరువు. పాతికేళ్ళ సంసారంలో ఒక్కసారైనా "అబ్బ, మీ బుర్రే బుర్ర" అనిపించుకోవాలని మగవాడికి ఉండదూ?

నాలుగో అంతస్తులో మా స్టోర్స్ మేనేజరు ఫ్లాటుంది. మాది రెండో అంతస్తు. సెలవు దొరికిందని భార్యని తీసుకుని విహారయాత్రకి వెళ్తూ నాకొక తాళంచెవి ఇచ్చాడు. "అప్పుడప్పుడూ వెళ్ళి కుళాయిలు తిప్పు, లేకపోతే పైపులు పట్టేస్తాయి. నోటీసుగారికి మాత్రం తెలియనివ్వకు" అన్నాడు.

నోటీసుగారంటే మా అపార్టుమెంటు సెక్రటరీ. లిఫ్టులో తుమ్మరాదు, మెట్ల మీద చెప్పులు టపటపలాడించరాదు, అన్నిటికీ ఒక నోటీసు అంటిస్తాడు. ఊరెళ్ళేవాళ్ళు తాళంచెవి గేటు దగ్గరే ఇవ్వాలనీ, ఇంకెవరి దగ్గరా రెండోది ఉండరాదనీ కూడా ఒకటి ఉంది.

ఆ ఫ్లాట్లో కుళాయిలే కాదు, పెద్ద టీవీ కూడా ఉంది.

సాయంత్రం ఏ సినిమా అన్నది పొద్దున్నే మా ఆవిడ చెబుతుంది. దాన్నే మధ్యాహ్నం పైకెళ్ళి ముందుగా చూసేస్తే? ఆలోచన రాగానే నా ఒళ్ళు నాకే గగుర్పొడిచింది. ఇంత నేరబుద్ధి ఇన్నాళ్ళూ ఫ్యాన్ల కింద వృథా అయిపోయింది.

"మధ్యాహ్నాలు లైబ్రరీకి వెళ్ళొస్తానే" అన్నాను.

నేను లైబ్రరీకి వెళ్తాననడం, పిల్లి ఉపవాసం ఉంటాననడం ఒకటే. అయినా మా ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "వెళ్ళండి. తొందరేం లేదు, నిదానంగా రండి" అంది. ఆ 'నిదానంగా' దగ్గరే నాకు అనుమానం రావలసింది. అనుమానాలన్నీ సినిమాలకి దాచుకుని పెళ్ళాం దగ్గర నమ్మకంగా ఉన్నాను.

చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కాను. తలుపు లోపల గడియపెట్టి, టీవీ పెట్టాను. ఫ్యాన్ తప్ప ఇంకేదైనా వినాలంటే నా చెవులకి సౌండు కాస్త ఎక్కువే కావాలి. చెవుల్లో ఏదైనా దూర్చుకోవడం ఫ్యాక్టరీలోనే నాకు గిట్టదు, ఇంక ఇక్కడ ఇయర్‌ఫోన్లెందుకు? చప్పుడు బయటికి పోకుండా ఫ్యాన్ ఫుల్లులో తిప్పాను.

మా కంపెనీ ఫ్యానే. నేను విని పంపిందే. కిక్కురుమనదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఆ సాయంత్రం సినిమా సగంలో ఆగింది. మా ఆవిడ "వంటమనిషి" అంది. నేను కళ్ళు మూసుకున్నాను. గడ్డం నిమురుకున్నాను. "లైట్‌హౌస్ కాపలావాడు. చేతికి గ్లవుజు ఒక్కటే ఉంది, గమనించారా? రెండోది శవం కింద ఉంటుంది" అన్నాను.

రెండోది శవం కిందే ఉంది.

"బావా!" అని బావమరిది లేవబోయి కట్టు గుర్తొచ్చి కూలబడ్డాడు. మా ఆవిడ కొంగు బిగించి సింకు దగ్గరికి వెళ్ళింది. నేను సోఫాలో కాలు మీద కాలేసుకుని, "మూకుడు అడుగున కూడా" అన్నాను. జన్మ ధన్యమైంది.

ఇంక చూస్కోండి. రైలు సినిమాలో టికెట్ కలెక్టరు. మంచు సినిమాలో కవలల్లో రెండోవాడు. ఒక సినిమాలో హంతకుడి పేరుతో పాటు చివరి డైలాగు కూడా చెప్పేశాను, నోరు జారి. మా ఆవిడ రోజూ తప్పు చెప్పడం, రోజూ తోమడం. మొహంలో చిరాకన్నది లేదు. అదీ అనుమానించవలసిందే.

బావమరిది మధ్యాహ్నాలు లిఫ్టులో కిందికి దిగి నోటీసుగారితో చదరంగం ఆడేవాడు. ఆడుతూ నా గొప్ప చెప్పేవాడు. "మా బావ పోలీసుల్లో పుట్టాల్సినవాడండీ." మెట్ల మీద కనపడినవాళ్ళు నాకు నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకాయన తన కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో చెప్పమన్నాడు. అది ఆయన నెత్తి మీదే ఉంది. నా కీర్తి ఇంకా పెరిగింది.

ఒక సాయంత్రం నోటీసుగారూ, కిటికీ పిన్నిగారూ కలిసి మా ఇంటికొచ్చారు. పిన్నిగారిది మూడో అంతస్తు. ఆవిడ కిటికీలో లేని సమయం ఆవిడ నిద్రపోయే సమయం.

"బాబూ, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి" అంది పిన్నిగారు, గొంతు తగ్గించి. "నా నెత్తి మీద ఫ్లాటు తాళం వేసుంది కదా. అందులో రోజూ మధ్యాహ్నం ఒక ఆడది ఏడుస్తోంది."

నేను టీ కప్పు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"'శవాన్ని ఎక్కడ దాచావో చెప్పు' అని ఒక మగగొంతు. మొన్న తుపాకీ పేలింది. నిన్నయితే, పోలీసు కుక్కలు."

మంచు సినిమా, అనుకున్నాను. కుక్కలు బాగా చేశాయి.

"మీరేమంటారు డిటెక్టివుగారూ?" అన్నాడు నోటీసుగారు.

"గాలి అయ్యుంటుంది" అన్నాను.

"గాలి 'శవాన్ని ఎక్కడ దాచావ్' అంటుందా బాబూ?"

మా ఆవిడ పిన్నిగారికి ఇంకాస్త టీ పోస్తూ, "అనొచ్చు పిన్నిగారూ, గట్టి గాలయితే" అంది. ఆవిడ మొహంలోకి చూశాను. ఏమీ లేదు. పళ్ళ డాక్టరు దగ్గర 'ఇంకో అరగంట కూర్చోండి' అని చెప్పేటప్పుడు పెట్టే మొహం.

నోటీసుగారు గొంతు సవరించుకున్నాడు. "ఆ ఫ్లాటు తాళంచెవి ఉన్నది ఒక్క గేటన్న దగ్గరే. మధ్యాహ్నాలు ఎవరికో ఆ ఇల్లు వాడుకోడానికి ఇస్తున్నాడు. సందేహం లేదు. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. అతన్ని తీసేద్దామనుకుంటున్నాం. ఈలోగా మీరు సాక్ష్యం పట్టుకోవాలి."

గేటన్న అంటే మా వాచ్‌మన్. ఎవరింటికి ఎవరొచ్చినా పేరు పెట్టి పలకరిస్తాడు. గేటు పక్కన గదిలో భార్యా, వాడూ ఉంటారు. ఉద్యోగం పోతే గది కూడా పోతుంది.

అప్పుడే ఒప్పేసుకుంటే పోయేది. కానీ బావమరిది నన్నే చూస్తున్నాడు, పిల్లాడు బొమ్మల కొట్టు చూసినట్టు. "చూస్తాను" అన్నాను, చాలా గంభీరంగా.

మర్నాడు పైకి వెళ్ళలేదు. చప్పుడు లేకపోతే కేసే లేదు కదా అని నా లెక్క. ఆ సాయంత్రం సినిమాలో ఒక గుర్రాన్ని అనుమానించి గిన్నెలు తోమాను. అయినా సరే, గేటన్న బయటపడ్డాడని తృప్తి.

పొద్దున్నే నోటీసుగారు తలుపు తట్టాడు. "చూశారా? మనకి అనుమానం వచ్చిందని తెలియగానే చప్పుడు ఆగిపోయింది! గేటన్నేనండీ, ఇంక వేరే సాక్ష్యమెందుకు?"

నేను ఆపితే వాడు దొంగ. ఆపకపోతే వాడు దొంగ. సినిమాల్లో అమాయకుణ్ణి ఇరికించేవాడికి కనీసం ఆస్తో, పగో ఉంటుంది. నేను గిన్నెల కోసం ఇరికించాను.

బాగా ఆలోచించి ఒక ఎత్తు వేశాను. "నోటీసుగారూ, ఇవాళ మధ్యాహ్నం గేటన్నని మీ పక్కనే కుర్చీలో కూర్చోబెట్టుకోండి. తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. అప్పుడూ పైన కేకలు వినిపిస్తే?"

"వినిపిస్తే?"

"వాడు నిర్దోషి."

"అద్భుతం!" అన్నాడు నోటీసుగారు. నాకూ అలాగే అనిపించింది.

మధ్యాహ్నం చెప్పులు చేతబట్టుకుని పైకెళ్ళాను. ఆ రోజు సినిమా ఆసుపత్రిలో హత్యలు. సౌండు ఎంత పెరుగుతుందో అంతా పెంచాను. మొదటి కేక వినపడగానే కింద వాళ్ళు తల ఊపుతారు, గేటన్న బతికిపోతాడు, నేను టీవీ ఆపి దిగిపోతాను. ఇదీ పథకం.

కేక వినపడగానే వాళ్ళు తల ఊపుతూ కూర్చుంటారని నేనెలా అనుకున్నానో ఇప్పటికీ తెలీదు. అందరూ లిఫ్టెక్కి పైకొచ్చారు.

తాళంలో చెవి తిరిగిన చప్పుడయింది. తలుపు కదల్లేదు, లోపల గడియ ఉంది కదా. నేను రిమోట్ నొక్కాను. కంగారులో ఏది నొక్కానో, బొమ్మ ఆగింది, మాట ఆగలేదు. "వాణ్ణి నేనే చంపాను" అంది టీవీ.

"ఒప్పుకున్నాడు!" అని అరిచాడు బావమరిది బయట నుంచి. "లోపలెవరురా? చేతులెత్తి బయటికి రా! లేకపోతే తలుపు పగలగొడతాం!"

"తలుపు పగలగొట్టరాదు" అన్నాడు నోటీసుగారు, అలవాటు చొప్పున.

"నేను లోపలికి రాను గాక రాను, కానీ పగలగొట్టేటప్పుడు చెప్పండి, చూస్తాను" అంది కిటికీ పిన్నిగారు.

నేను బాత్రూములో దూరి మా ఆవిడకి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఏమేవ్" అన్నాను గుసగుసగా. "నేను పెద్ద చిక్కులో..."

ఫోన్లోంచి ఒక ఆడమనిషి కెవ్వుమని అరిచింది. ఆ కేక నాకు తెలుసు. ఇందాకే విన్నాను. ఆసుపత్రి మెట్ల మీద నర్సు వేసిన కేక.

"ఏమిటా చప్పుడు?" అన్నాను.

"ఉండండి, ఆపుతాను. మీరింకా ఇక్కడిదాకా రాలేదా? మత్తుమందు డాక్టరే చంపాడు."

నేను బాత్రూము గోడకి ఆనుకున్నాను. "నువ్వు... రోజూ?"

"మీరు పైకెళ్ళిన మొదటి రోజు నుంచీ."

"పైకని నీకెలా తెలుసు?"

"తాళంచెవి మీకిచ్చామని స్టోర్స్ మేనేజరుగారి ఆవిడ వెళ్ళే ముందే చెప్పింది. పైగా వినపడుతూనే ఉందండీ, మన వంటింటి దాకా."

"మరి సాయంత్రం అన్నీ తప్పులెందుకు చెప్పావే?"

"మీరు గెలిస్తేనే కదా మర్నాడు మళ్ళీ వెళ్తారు!" అంది. "ఇన్నేళ్ళకి మధ్యాహ్నం పూట ప్రశాంతంగా సినిమా చూస్తున్నానండీ. 'వీడెవడు, ఇందాక చచ్చాడు కదా, ఆ కారు ఎవరిది' అని పక్కన ఎవరూ అడగకుండా. దాని ముందు నాలుగు గిన్నెలెంత? ఏమైనా నిన్న గుర్రాన్ని అనుమానిస్తారని మాత్రం అనుకోలేదు."

బయట తలుపు మీద చంకకర్రతో బాదుతున్నాడు బావమరిది.

"ఇప్పుడేం చెయ్యనే?"

ఆవిడ గొంతు మారింది. "గేటన్న అక్కడే ఉన్నాడా?"

"ఉన్నట్టున్నాడు."

"అయితే గడియ తీసి బయటికి రండి. మీరు చెప్తారేమోనని ఈ రెండు రోజులూ ఆగాను. ఆదివారం కమిటీలో ఎలాగూ నేనే చెప్పేదాన్ని. మీ నోటితో చెబితే బాగుంటుంది."

గడియ తీశాను. చేతులెత్తమన్నాడు కాబట్టి ఎత్తాను. ఒక చేతిలో రిమోటు, ఇంకో చేతిలో చెప్పులు.

"బావా, నువ్వు మా కంటే ముందే వచ్చి పట్టుకున్నావా!" అన్నాడు బావమరిది, మెరిసే కళ్ళతో. "ఏడీ వాడు?"

అటూ ఇటూ చూశాను. తప్పించుకోడానికి దారి ఉందా అంటే ఉంది, వాడే చూపిస్తున్నాడు. కిటికీలోంచి పారిపోయాడంటే నమ్మేస్తారు. కానీ వాళ్ళ వెనక గేటన్న నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"నేనేరా" అన్నాను. "తాళంచెవి నా దగ్గరుంది. సాయంత్రం చూడబోయే సినిమాని రోజూ మధ్యాహ్నమే ఇక్కడ చూసేసి వచ్చి మీకు చెబుతున్నాను. గేటన్నకి ఏ పాపం తెలీదు."

లోపల్నుంచి టీవీ, "వాణ్ణి అరెస్టు చెయ్యండి" అంది.

బావమరిది మొహం చూడలేకపోయాను. "గ్లవుజు కూడానా బావా?" అన్నాడు చివరికి.

"గ్లవుజు కూడా."

ఇంతలో మా ఆవిడ మెట్లెక్కి వచ్చింది. నోటీసుగారు నా మీద ఏ నోటీసు అంటించాలా అని వెతుక్కుంటున్నాడు. ఆవిడే దారి చూపించింది. "సెలవులు అయ్యేదాకా మధ్యాహ్నాలు మా ఆయన గేటు దగ్గర కూర్చుంటారండీ. గేటన్నకి కాస్త విశ్రాంతి. భార్యాభర్తలిద్దరూ మా ఇంటికొచ్చి సినిమా చూస్తారు నాతో పాటు."

ఎంత న్యాయంగా ఉందో చూడండి. అంతా మెచ్చుకున్నారు. మధ్యాహ్నాలు ఆవిడవి ఆవిడకే ఉన్నాయి, నేను మాత్రం నాలుగో అంతస్తు నుంచి గేటుకి దిగాను.

అలా గేటు దగ్గర కూర్చున్న మొదటి రోజు. మా ఇంట్లోంచి కేకలు వినపడుతున్నాయి, ఏ కేక ఎవరిదో తెలీదు. సాయంత్రం గేటన్న కిందికి దిగాడు. నా బుద్ధి ఊరుకుంటుందా?

"అన్నా, బావుందా సినిమా?"

"బ్రహ్మాండం సార్."

"ఊరికే అడుగుతున్నాలే... హంతకుడెవరు?"

గేటన్న అటూ ఇటూ చూశాడు. దగ్గరికొచ్చాడు. "మీరడిగారు కాబట్టి చెబుతున్నా సార్. గుడ్డి పియానో మాస్టారు. గుడ్డివాడు కాదు, నటిస్తాడు."

ఆ సాయంత్రం సినిమా సగంలో ఆపారు. నేను కళ్ళు మూసుకున్నాను, గడ్డం నిమిరాను. "పియానో మాస్టారు. వాడు గుడ్డివాడు కాదు" అన్నాను.

రెండో సగం మొదలవగానే పియానో మాస్టారుని ఎవరో చంపేశారు. నిజంగానే గుడ్డివాడు, పాపం.

సింకు దగ్గర స్పాంజి తీసుకుంటూ అడిగాను. "గేటన్న చేత నాకు తప్పు పేరు చెప్పించింది నువ్వేగా?"

మా ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. "నేనెందుకు చెప్పిస్తానండీ? నేనేం అనలేదు."

సగం తీసేసి విన్నా నిజమే అనిపించింది.

వంటింటి కిటికీలోంచి కిందికి చూశాను. గేటు దగ్గర దీపం కింద గేటన్న కుర్చీలో కూర్చున్నాడు. ఎవరో పిలిచినట్టు తలెత్తి నన్ను చూశాడు. లేచి నిలబడి, టోపీ సర్దుకుని, ఎప్పుడూ లేనంత మర్యాదగా సెల్యూట్ కొట్టాడు.

అనుమానించడానికి నోరుందా నాకు? సబ్బు చేత్తోనే తిరిగి నమస్కారం పెట్టాను.